ఎల్స్‌మియర్ దీవికి ఆరు ఫారాలు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో తెలుగువాళ్ళెవరికైనా ఫారం నింపాల్సిన పని పడితే ముందు గుర్తొచ్చే పేరు శ్రీవిద్య. వీసా పొడిగింపు కానీండి, పాస్‌పోర్టు కానీండి, ఇండియా నుంచి వచ్చే అత్తగారి ఇన్సూరెన్స్ కానీండి, కాగితాలు పట్టుకుని ఆమె వంటింటి బల్ల దగ్గరికి చేరాల్సిందే. ఆమె కాఫీ ఇస్తుంది, ఇన్నాళ్ళూ గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నారా అని తిడుతుంది, ఫారం నింపి పంపుతుంది. ఆమె నింపిన ఫారం వెనక్కి వచ్చిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

ఈ పనితనం ఆమెకి ఊరికే రాలేదు. 2004లో రాజీవ్‌ని పెళ్ళి చేసుకుని వచ్చింది. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాసు. కానీ వచ్చింది డిపెండెంట్ వీసా మీద కాబట్టి ఉద్యోగం చేయకూడదు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పదకొండేళ్ళు చేయకూడదు. పని చేయనివ్వని ప్రభుత్వం నింపమని పంపే కాగితాలకు మాత్రం లోటుండేది కాదు. వాటిని నింపీ నింపీ ఆమె ఆ విద్యలో పండిపోయింది. చదివిన చదువు సూట్‌కేసులో ఉండిపోతే, ఈ చదువు పదిమందికీ పనికొచ్చింది.

ఆమె పాఠం చాలా చిన్నది. "అడిగిందానికే జవాబు చెప్పండి. అడగనిది చెప్పకండి. చివరి పేజీ వచ్చిందా, ఇంక చదవక్కర్లేదు, పై నుంచి కిందికి అన్నీ నో కొట్టుకుంటూ పొండి." వీసా ఫారాల్లో ఆ పేజీ అందరికీ తెలిసిందే. అంటురోగాలున్నాయా, మనుషుల్ని దొంగరవాణా చేశారా, ఉగ్రవాదులకు సాయపడ్డారా అని వరసపెట్టి అడుగుతుంది. అప్పడాలూ వడియాలూ తప్ప ఏదీ రవాణా చేయని మనవాళ్ళు దాన్ని చదవడం ఎప్పుడో మానేశారు. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి శ్రీవిద్య ఇంట్లో రిహార్సల్ కూడా ఉండేది. ఆమె బల్లకి అవతల ఆఫీసరులా కూర్చుని ప్రశ్న వేస్తుంది. మూడు సెకండ్లలో, నవ్వుతూ, కళ్ళలోకి చూస్తూ జవాబు రావాలి. తడబడితే మళ్ళీ మొదటి నుంచి.

అలాంటి శ్రీవిద్యకి ఒక పిచ్చి కోరిక ఉంది. ఉద్యోగం లేని ఆ పదకొండేళ్ళలో ఆమె మధ్యాహ్నాలు ఊరి లైబ్రరీలో గడిచేవి. అక్కడ ఒక పెద్ద అట్లాసులో కెనడాకి నెత్తిన, ఇంక ఆ పైన నేలే లేనిచోట, ఎల్స్‌మియర్ అనే దీవి కనిపించింది. దాని ఉత్తరపు కొసన క్వుట్టినిర్‌పాక్ అనే నేషనల్ పార్కు ఉంది. అక్కడివాళ్ళ భాషలో ఆ పేరుకి లోకానికి శిఖరం అని అర్థమట. రోడ్డు లేదు, చెట్టు లేదు, ఏడాది మొత్తమ్మీద వెళ్ళేవాళ్ళు కొద్దిమంది. అప్పటికి శ్రీవిద్య చూసినవి వీసా ముద్ర కోసం వెళ్ళిన ఊళ్ళూ, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలని తిప్పడానికి వెళ్ళిన చోట్లూ. నయాగరా అయితే పదకొండుసార్లు చూసింది, అందులో ఒక్కసారి కూడా తనకోసం కాదు. ఎవరూ తీసుకెళ్ళమని అడగని చోటు ఇదొక్కటే. అందుకే అది తనది అనుకుంది.

అమెరికా పౌరసత్వం వచ్చాక, ఒక ల్యాబులో ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆ కోరిక మళ్ళీ లేచి కూర్చుంది. రెండేళ్ళు ప్లాన్ చేసింది. ఒటావా, అక్కణ్ణుంచి ఇకాలుయిట్, అక్కణ్ణుంచి రెజల్యూట్, చివరికి రాళ్ళమీద దిగే చిన్న విమానం. ఆ విమానం ఆరుగురు కలిసి అద్దెకి మాట్లాడుకుంటేనే కదులుతుంది, ఐదుగురైతే లేదు. మొత్తం ట్రిప్పుని నడిపే గైడ్ కెరొలైన్, ముప్ఫై ఏళ్ళుగా ఆ దీవిలో తిరుగుతున్న మనిషి, ఈ జులైతో మానేస్తోంది. ఆమె తరవాత ఆ చిన్న కంపెనీ అంత పైకి ఎవరినీ తీసుకెళ్ళదు. అంటే ఈసారి కుదరకపోతే ఇంకోసారి అనే మాట లేదు.

ఆరుగురూ ఎలాగో దొరికారు. శ్రీవిద్య, భర్త రాజీవ్ ఇద్దరు. శాన్ రామన్‌లో ఉండే రాజీవ్ అక్క కొడుకు ఈషాన్, అతని భార్య హంసిక ఇద్దరు. మిగతా ఇద్దరూ రెండు వీధుల అవతల ఉండే శ్యామ్‌సుందర్, రాధారాణి. ఆయనకి యాభై ఎనిమిది. శ్రీవిద్య అమెరికాలో దిగిన మొదటి చలికాలం తన పాత కోటు తెచ్చి ఇచ్చిన మనిషి. అప్పటినుంచి ఆయన అన్నయ్య, ఆవిడ వదిన.

షామ్‌బర్గ్‌లో ఉన్న నలుగురూ ప్రతి ఆదివారం బస్సీ వుడ్స్ అడవిలో నడిచేవారు, వీపున ఇరవై పౌన్ల సోనామసూరి బియ్యం బస్తాతో. దీవిలో మోయాల్సిన బరువు అదీ మరి. జాగింగ్ చేసే అమెరికన్లు ఆగి చూసేవారు. ముందు శ్యామ్‌సుందర్ నడిచేవాడు, జోకులేస్తూ. జనవరిలో తమ్ముడి కూతురి పెళ్ళికని నెలరోజులు హైదరాబాదు వెళ్ళొచ్చాక మాత్రం వెనకపడ్డాడు. మోకాలు అన్నాడు. మోకాలికి కట్టు కట్టుకుని నడవమని శ్రీవిద్య ఒకటి కొనిచ్చింది కూడా.

ఏప్రిల్‌లో ఆరోగ్య ఫారాలు వచ్చాయి, మనిషికి నాలుగు పేజీలు. ఆరుగురివీ శ్రీవిద్యే నింపింది. పేర్లు, పుట్టిన తేదీలు ఆమెకి కంఠతా వచ్చు. చివరి పేజీకి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పోయింది. ఆస్తమా, నో. మూర్ఛ, నో. గుండె జబ్బు, నో. పావుగంటలో ఆరూ పంపేసి పప్పు పోపు పెట్టుకుంది.

రెండు వారాల తరవాత, ఒక గురువారం ఆఫీసులో ఉండగా కెరొలైన్ నుంచి మెయిల్ వచ్చింది. "శ్రీవిద్యా, ఈషాన్ తనకి ఆస్తమా ఉందని రాశాడు. నువ్వు నింపిన అతని ఫారంలో లేదని ఉంది. మళ్ళీ చూస్తే ఆరుగురి ఫారాలూ ఒకే పావుగంటలో, ఒకే జవాబుతో వచ్చాయి. ఈ ఆదివారం పదకొండింటికి ఒక్కొక్కరితో వీడియోలో మాట్లాడతాను. నాకు నమ్మకం కుదరకపోతే ఆ విమానం వెయిటింగ్ లిస్టులో ఉన్న వాళ్ళకి ఇచ్చేస్తాను."

శ్రీవిద్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటిసారి తను నింపిన ఫారం వెనక్కి వచ్చింది. వెంటనే ఈషాన్‌కి ఫోన్ చేసింది.

"ఏం నాన్నా, నాకో మాట చెప్పొచ్చు కదా?"

"సారీ అత్తా. బట్ నువ్వు నన్ను అడగలేదు కదా," అన్నాడు ఈషాన్. అమెరికాలోనే పుట్టిన పిల్లాడు, వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "నాకు ఇన్‌హేలర్ ఉంది. కెరొలైన్‌కి చెప్పాను. షీ సెడ్ ఓకే, రెండు తీసుకురా అంది. దట్స్ ఇట్."

అంతే మరి. నిజం చెప్పాడు, వాళ్ళు సరే అన్నారు. జాగ్రత్త నాన్నా అని శ్రీవిద్య ఫోన్ పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం షామ్‌బర్గ్‌లో ఉన్న ముగ్గురినీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆదివారానికి రిహార్సల్. తనే కెరొలైన్. రాజీవ్‌ని అడిగింది, రాధారాణిని అడిగింది, ఇద్దరూ బాగానే చెప్పారు. తరవాత శ్యామ్‌సుందర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గుండెకి సంబంధించిన సమస్య ఏదైనా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నో మ్యామ్," అన్నాడు శ్యామ్‌సుందర్. మూడు సెకండ్లు కూడా పట్టలేదు. నవ్వుతూ, కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. అంత చక్కటి జవాబు ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పలేదు.

"సూపర్ అన్నయ్యా," అంటూ శ్రీవిద్య తలెత్తింది. ఆయన వెనక సోఫాలో కూర్చున్న రాధారాణి ముఖం కనిపించింది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. రెండు నిమిషాలాగి మంచినీళ్ళకన్నట్టు లేచి గరాజ్‌లోకి వెళ్ళింది. శ్రీవిద్య వెనకే వెళ్ళింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు."

"నా మీద ఒట్టు వదినా, చెప్పు."

రాధారాణి బియ్యం బస్తాల పక్కన నిలబడి గొంతు తగ్గించింది. "జనవరిలో మేం పెళ్ళీ చూళ్ళేదు, గిళ్ళీ చూళ్ళేదు విద్యా. అక్కడ దిగిన మూడోరోజే ఛాతీలో నొప్పి. రెండు స్టెంట్లు వేశారు. ఎవరికీ చెప్పొద్దని నాతో ప్రమాణం చేయించుకున్నారు. పిల్లలకి కూడా తెలీదు. ఆఫీసులో తెలిస్తే లేఆఫ్ లిస్టులో ముందు తన పేరే ఉంటుందని భయం."

శ్రీవిద్య మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి బాగుండదు కానీ చెప్పాలి. అయితే ఐదుగురమే అనుకుంది. శ్యామ్‌సుందర్ బతుకు గురించిన ఆలోచన రెండోది.

"మరి ట్రిప్పుకి ఎలా వస్తారు వదినా? అక్కడ డాక్టర్ లేడు. వాతావరణం బాగోకపోతే మూడు నాలుగు రోజులు విమానం రాదు."

"నాకు తెలీదా? ఈ ట్రిప్పు వద్దంటే తను రోగినని ఒప్పుకున్నట్టు అనుకుంటున్నారు. నువ్వు మాత్రం చెప్పకు విద్యా. నేను చెప్పానని తెలిస్తే నాతో మాట్లాడరు." రాధారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. చెప్పకు అంటోందో, చెప్పి ఆపు అంటోందో శ్రీవిద్యకి అర్థం కాలేదు.

వాళ్ళు వెళ్ళాక రాజీవ్‌కి సంగతంతా చెప్పింది. రాజీవ్ ఏ తగువులోనూ ఇరుక్కునే మనిషి కాదు. "ఆయన పెద్దవాడు. ఆయన ప్రాణం, ఆయన ఇష్టం. నువ్వు అటు చెప్పినా తప్పే, ఇటు చెప్పకపోయినా తప్పే," అని టీవీ రిమోట్ కోసం వెతుక్కున్నాడు. భర్తల సలహాలు చాలామటుకు ఇలాగే ఉంటాయి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి శ్రీవిద్య నడుచుకుంటూ శ్యామ్‌సుందర్ ఇంటికి వెళ్ళింది. ఆయన వాకిట్లో గడ్డి కోసే మెషిన్ తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, ఇవాళ ఆవిడ అడిగితే ఉన్నది చెప్పేయండి. ఈషాన్ చెప్తే ఏం కాలేదు కదా."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. ఒక క్షణం ముఖంలో రంగు మారింది. తరవాత నవ్వాడు. "రాధ చెప్పిందన్నమాట. చూడు చెల్లెమ్మా, నేను వాకిలి ఊడ్చుకుంటున్నాను, మెట్లెక్కుతున్నాను, బియ్యం మూట మోస్తున్నాను. ఆ రెండు తీగముక్కలు లోపల ఉన్నాయని నాకే గుర్తుండదు. నేను ఎస్ అంటే ఆ గైడమ్మ ఏం చేస్తుంది? మనందరి ట్రిప్పూ చెట్టెక్కుతుంది. నీ రెండేళ్ళ కష్టం నా నోటితో పాడుచేయమంటావా?"

"నా సంగతి వదిలేయండి."

"ఎలా వదిలేస్తాను? నువ్వే కదమ్మా నేర్పావు. చివరి పేజీలో అన్నీ నో." ఆయన ఆమె భుజం తట్టి, "పదకొండింటికి వస్తాం. పెసరట్లు వెయ్యి," అన్నాడు.

తిరిగి వస్తూ శ్రీవిద్యకి కొంత తేలికగా అనిపించింది. చెప్పాల్సింది చెప్పాను, ఆయన వినలేదు, నా బాధ్యత తీరింది అనుకుంది. జులై నెల, మునగని సూర్యుడు, కాలికింద శిఖరం, అన్నీ ఇంకా ఉన్నాయి. ఆ తేలికదనం చూసి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఇంటికెళ్ళి పెసరపిండి రుబ్బింది.

పదకొండింటికి ల్యాప్‌టాప్‌ని మేడమీద గదిలో పెట్టారు. ముందు రాజీవ్ వెళ్ళాడు, ఐదు నిమిషాల్లో వచ్చాడు. రాధారాణి వెళ్ళి ఇంకా త్వరగా వచ్చింది, ఎవరి ముఖమూ చూడలేదు. ఆ తరవాత వంతు శ్రీవిద్యది. తెరమీద కెరొలైన్ కనిపించింది. నెరిసిన జుట్టు, ఎండకి కమిలిన ముక్కు, వెనక గోడకి తాళ్ళు. శ్రీవిద్య ఆరోగ్యం గురించి ప్రశ్నలన్నీ అయిపోయాయి. ఇంక అయిందనుకుంటుండగా కెరొలైన్ ముందుకి వంగింది.

"ఇంకొక్కటి. ఇది ఫారంలో లేదు. మీ బృందాన్ని కూడగట్టింది నువ్వు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఒకసారి నా వెంట వచ్చిన మనిషి గుడారంలో పోయాడు. మంచు పొగ. రెండు రోజులు విమానం రాలేదు. అతని భార్యా నేనూ అక్కడే కూర్చున్నాం. నేను తెలుసుకోవాల్సిన సంగతి ఎవరి గురించైనా నీకు తెలుసా?"

మూడు సెకండ్లు గడిచాయి. పది గడిచాయి. కింద వంటింట్లో శ్యామ్‌సుందర్ ఏదో జోకు వేసి నవ్వుతున్న చప్పుడు వినిపించింది. లేదు అంటే జులై ఉంది. ఆ గుడారంలో రాధారాణి కూర్చుని ఉండటం ఆమె కళ్ళకి కట్టింది.

"ఉంది," అంది. "కానీ అది నేను చెప్పేది కాదు. ఆయన్నే పిలుస్తాను."

తలుపు తీసి పైనుంచే కేక వేసింది. శ్యామ్‌సుందర్ మెట్లెక్కి వచ్చాడు, కాస్త ఆయాసపడుతూ. కుర్చీ జరిపి ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టి, తను గది వదిలి వెళ్ళకుండా గోడకి ఆనుకుని నిలబడింది. వెళ్ళమని ఆయన సైగ చేశాడు. ఆమె కదల్లేదు.

"శ్యామ్, మీ గుండెకి ఏదైనా సమస్య ఉందా? ఎప్పుడైనా ఏదైనా చికిత్స జరిగిందా?" అని కెరొలైన్ అడిగింది.

"నో మ్యామ్," అన్నాడు శ్యామ్‌సుందర్. నవ్వుతూ, కళ్ళలోకి చూస్తూ.

కెరొలైన్ ఆయన భుజం మీదుగా వెనక నిలబడ్డ శ్రీవిద్య వైపు చూసింది.

"అబద్ధం చెప్తున్నారు," అంది శ్రీవిద్య, ఇంగ్లీషులో. తన గొంతు తనకే వేరే వాళ్ళదిలా ఉంది. "జనవరిలో రెండు స్టెంట్లు వేశారు. ఆయన తప్పు కాదు. ఇలా చెప్పమని నేర్పింది నేను. నా వంటింటి బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా అందరికీ ఇదే నేర్పాను. ఆరుగురిలో ఒక్కరినీ ఏమిటని అడగలేదు. నేనే రాసేశాను."

శ్యామ్‌సుందర్ కుర్చీలో అలాగే ఉండిపోయాడు. మెడ మాత్రం ఎర్రబడింది. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యలా ఉన్న మనిషి ఇంక తన గుమ్మం తొక్కడని శ్రీవిద్య అనుకుంది.

"శ్యామ్," అంది కెరొలైన్, గొంతు మార్చి. "మీకు భయంగా ఉందా?"

ఎవరూ ఆయన్ని ఆ మాట అడగలేదు. హైదరాబాదు డాక్టర్లు మందులు రాసిచ్చారు. భార్య ప్రమాణం చేసింది. రిహార్సల్‌లో ఆ ప్రశ్న లేదు. ఈసారి జవాబుకి చాలాసేపు పట్టింది.

"ఎస్," అన్నాడు. వెంటనే తెలుగులోకి వచ్చేశాడు, తెర వైపు కాదు, శ్రీవిద్య వైపు తిరిగి. "పడుకుంటే భయమే తల్లీ. లేస్తానో లేదోనని. ఒక్కరైనా వద్దు, ఆగు అంటారేమోనని చూశాను. అందరూ భలే ఉన్నారన్నయ్యా అన్నారు." అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. మెట్లమీద రాధారాణి పరిగెత్తుకొస్తున్న అడుగులు వినిపించాయి.

కెరొలైన్ ఆయన తేరుకునేదాకా ఆగింది. గుండెకి చికిత్స జరిగి ఏడాది కానివాళ్ళని తీసుకెళ్ళనని నెమ్మదిగా చెప్పింది. ఆయన వెంట ఆవిడా ఆగిపోతుంది కాబట్టి మిగిలింది నలుగురు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు ఆరుగురూ ఒక జట్టు, విడిగా రారు. "నన్ను క్షమించు శ్రీవిద్యా. విమానం వాళ్ళకి ఇవ్వక తప్పదు. చెప్పినందుకు థాంక్స్," అని తెర మూసేసింది.

రాధారాణి భర్తని పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఆయన ఏడుస్తున్నాడు, ఆవిడా ఏడుస్తోంది, కానీ ఆవిడ ముఖంలో మూడు నెలల బరువు దిగింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ శ్రీవిద్య తలని తన భుజానికి పొదువుకుంది. శ్యామ్‌సుందర్ పెసరట్టు రెండు తిని, రేపు పిల్లలకి ఫోన్ చేస్తానని చెప్పి వెళ్ళాడు. నీ ట్రిప్పు పోయింది కదమ్మా అని గుమ్మంలో ఆగాడు. పోతే పోయిందిలే అన్నయ్యా, మీరు జాగ్రత్త అని ఆమె నవ్వుతూ సాగనంపింది.

తలుపు వేసి వంటింట్లోకి వచ్చి పెనం కడగబోయింది. కొళాయి తిప్పిందో లేదో దుఃఖం తన్నుకొచ్చింది. గట్టున రెండు చేతులూ ఆనించి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. రాజీవ్ కంగారుగా వచ్చాడు.

"ఊరుకో విద్యా, ఆయనకేం కాదు. టైమ్‌కి బయటపడింది కదా. ఎంత మంచి పని చేశావు నువ్వు."

ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. అన్నయ్య కోసం ఏడుస్తున్నానంటే లోకంలో ఎవరూ కాదనరు.

"ఆయన కోసం కాదు," అంది శ్రీవిద్య. "నాకు అక్కడికి వెళ్ళాలనుంది రాజీవ్. నాకు చాలా వెళ్ళాలనుంది."